క్రాబీలో ఫిబ్రవరి వాన

"ఈ మూడు ఊర్లల్ల ఒక్కటే కొబ్బరిచెట్టున్నదా సార్?"

రజని నాతో అన్న మొదటి మాట ఇది. జులై నెల, శనివారం మధ్యాహ్నం, బయట వాన. ఆమె రెయిన్‌కోటు కూడా విప్పకుండా మా ట్రావెల్స్ కౌంటర్ ముందు నిలబడి, అక్కడున్న మూడు బ్రోచర్లను పక్కపక్కన పరిచింది. బాలి, ఫుకెట్, లంకావి. మూడూ వేర్వేరు దేశాలవి. మూడింటి అట్ట మీదా నీలం సముద్రం, తెల్లటి ఇసుక, ఎడమ వైపుకు వంగిన ఒక కొబ్బరిచెట్టు. ఆమె మోచేతి మీంచి కారుతున్న నీళ్లు ఇండోనేషియా మీద పడుతున్నాయి.

కొబ్బరిచెట్లన్నీ ఒకేలా ఉంటాయని చెప్పాను.

"ఉండయ్. కింది ఆకుల కొసలు పసుపువచ్చినయ్ చూడుండ్రి. పొటాష్ తక్కువైంది. మూడు దేశాలల్ల మూడు చెట్లకు గదే ఆకు పసుపైతదా?"

ఆ క్షణంలో నాకు కలిగింది ప్రేమ అని చెప్పుకుంటే ఇప్పుడు బాగుంటుంది. నిజానికి కలిగింది చిరాకు. రెండేళ్లుగా రోజుకు పదిసార్లు చూస్తున్న బొమ్మ అది. ఆ పసుపు నాకు ఎప్పుడూ కనిపించలేదు. కనిపించనిదాన్ని ఎవరైనా చూపిస్తే మనిషికి మొదట కోపమే వస్తుంది. కృతజ్ఞత తర్వాత వస్తుంది, అదీ నడిచి వస్తుంది.

ఆమె కుల్చారం మండలంలో వ్యవసాయ విస్తరణ అధికారి. రోజూ మెదక్ నుంచి స్కూటీ మీద వెళ్లి, పొలాల గట్ల మీద తిరిగి, సాయంత్రానికి వస్తుంది. రైతులు ఆమెను మేడం అంటారు కాబట్టి నేనూ మేడం అన్నాను. ఏ పని మీద వచ్చారని అడిగాను.

"ఫిబ్రవరిల నా పెండ్లి. పెండ్లయినంక మేము సముద్రం దిక్కు పోతం. ఏ ఊరన్నది మీరు చెప్పాలె."

"ఎంతమంది?"

"ఇద్దరం."

ఫారంలో రెండు అని వేశాను. పెళ్లికొడుకు పేరు రాజేందర్ అనీ, సిద్దిపేటలో బ్యాంకు ఉద్యోగమనీ, ఊరి ఎంపిక మొత్తం తనకే వదిలేశాడనీ చెప్పింది. అదృష్టవంతులు అన్నాను. చెట్టు ఏ ఊరిదో కనుక్కొని పెట్టమని, వచ్చే శనివారం వస్తానని చెప్పి వానలోకి వెళ్లిపోయింది.

నా పేరు రఘుపతి. సైకాలజీలో దూరవిద్య ద్వారా ఎం.ఏ. చేశాను. మెదక్‌లో మనసు బాగాలేనివాళ్లు ఏడుపాయల వెళ్లి వనదుర్గమ్మకు చెప్పుకుంటారు, లేదా చర్చి మెట్ల మీద కాసేపు కూర్చుని వస్తారు. ఎం.ఏ. అవసరం ఎవరికీ కలగలేదు. అందుకని వాహెద్ భాయ్ ట్రావెల్స్ షాపులో చేరాను. వాహెద్ భాయ్‌కి యాభై ఏళ్లు. ముప్పై ఏళ్లుగా బస్సు టికెట్లు, రైలు టికెట్లు చేసి విసిగిపోయి, ఈ మధ్యే విదేశీ బీచుల్లోకి దిగాడు. దిగాడంటే బ్రోచర్లలోకి. మా ఇద్దరిలో ఎవరమూ సముద్రం చూడలేదు. ఆ సంగతి షాపు దాటి బయటకు పోలేదు.

చదువు వృథా కాకుండా నేనొక అలవాటు పెట్టుకున్నాను. వచ్చినవాళ్లు ఏ మాట అన్నారో ఆ మాటను అలాగే ఒక నోట్‌బుక్కులో రాసుకుని, పక్కన దాని అర్థం రాసేవాణ్ణి. నా సిద్ధాంతం ఒకటే. ఎవరూ వెళ్లే ఊరిని ఎంచుకోరు, ఉన్న ఊళ్లో దేన్నుంచి పారిపోవాలో దాన్ని ఎంచుకుంటారు. కరెంటు ఆఫీసు ఇంజనీరు ఫోన్ సిగ్నల్ లేని దీవి కావాలన్నాడు. రిటైరైన హెడ్మాస్టర్ గాబ్రియేలు సారుకు తన శిష్యుడు ఒక్కడు కూడా లేని ఊరు కావాలి. మెదక్‌లో ఏ హోటల్లో కూర్చున్నా పక్క బల్లవాడెవడో లేచి నిలబడుతున్నాడట, టీ ప్రశాంతంగా తాగి ఇరవై ఏళ్లయిందట. రెవెన్యూలో పనిచేసి దిగిపోయిన ఎల్లం గారికి పట్టాయా గురించి చెబితే, ఆయన అద్దాలు సర్దుకుని, "పట్టాయా, అసైన్డా?" అని అడిగారు. వీళ్లందరి మనసులూ నాకు అద్దంలా కనిపించేవి. అద్దంలో ఎవరు కనిపిస్తారన్నది నేను ఆలోచించలేదు.

వాహెద్ భాయ్ నా నోట్‌బుక్కును చూసి నవ్వేవాడు. మాటల మీద అతనికి వేరే రకం శ్రద్ధ ఉంది. అతను పుట్టి పెరిగింది బీదర్‌లో. ఇరవై ఏళ్ల వయసులో మెదక్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. తన పెళ్లి కుదిరినప్పుడు పోస్టాఫీసులో పనిచేసే ఒక అమ్మాయికి కార్డు ఇస్తూ, "వచ్చే శుక్రవారం మనకు పెండ్లి, మీరు తప్పకుండ రావాలె" అన్నాడట. మాకు అనబోయి మనకు అన్నాడు. ఆ సాయంత్రం ఆమె అన్నయ్య సైకిల్ దిగి షాపులోకి వచ్చాడు.

ఆ కథ చెప్పినప్పుడల్లా అతను చివర ఒకే మాట అనేవాడు. "మా ఉర్దూల హమ్ అంటే అయిపాయె. మీకు రెండు. మేము అంటే ఎదుటోడు బయట, మనం అంటే ఎదుటోడు లోపట. గంత చిన్న మాటకు గంత పెద్ద తలుపు పెట్టుకున్నరు. అప్పటి సంది నేను చెవులు పెట్టి వింట."

నేను మర్యాదకు నవ్వేవాణ్ణి. చిన్నప్పటి నుంచీ ఆ రెండు మాటలూ వాడుతున్నవాణ్ణి, నాకు ఒక బీదర్ మనిషి తెలుగు చెప్పడమేమిటి అనుకునేవాణ్ణి.

రజని మరుసటి శనివారం వచ్చింది. ఆ తర్వాతి శనివారం కూడా వచ్చింది. చెట్టు ఏ ఊరిదో తేలలేదు, బ్రోచర్లు అచ్చువేసినవాళ్లకే తెలియదన్నారు. ఆమె దాన్ని క్షమించి మిగతా ప్రశ్నలు మొదలుపెట్టింది. బాలిలో మెట్ల పొలాలకు నీళ్లు ఎవరు వంతులు వేస్తారు, వియత్నాం సముద్రపు ఒడ్డున వరి ఉప్పును ఎలా తట్టుకుంటుంది. హనీమూన్‌కు వెళ్లే మనిషి అడగాల్సినవి కావు. నేను రాత్రంతా చదివి శనివారానికి జవాబులు సిద్ధం చేసుకునేవాణ్ణి. ఆమె బ్రోచర్‌ను చూసే తీరు నాకు ఇష్టమైంది. ముందు వైపు ఒక్క చూపు, తర్వాత వెనక్కి తిప్పి, ఆకు కింద పురుగు ఉందేమోనన్నట్టు వెతుకుతుంది. అప్పుడప్పుడు ఆ చూపు కాగితం దాటి నా మీద కూడా అలాగే ఆగేది. నేను కాలరు సర్దుకునేవాణ్ణి.

ఇంకో సంగతి. మెదక్‌లో షాపులో ఉన్న మగవాణ్ణి ఆడపిల్లలు అన్నా అంటారు. అది కంచెలాంటిది, ఒకసారి వేస్తే పీకడం కష్టం. రజని నన్ను సార్ అనేది. ప్రభుత్వ ఉద్యోగులకు అది అలవాటు అని నోట్‌బుక్కులో రాసుకుని, ఆ మాట కింద మూడుసార్లు గీత గీసుకున్నాను.

నచ్చిన ప్రతి ఊరి బొమ్మనూ ఆమె ఫోన్‌లో రాజేందర్‌కు పంపేది. నిమిషంలో జవాబు వచ్చేది, పైకెత్తిన బొటనవేలు. బాలికి బొటనవేలు. ఫుకెట్‌కు బొటనవేలు. శ్రీలంకకు కూడా అదే వేలు. ఒక రోజు ఆమె విసుగొచ్చి మా షాపు గోడ మీద తిరగని ఫ్యాన్‌ను ఫోటో తీసి పంపింది. దానికీ బొటనవేలు వచ్చింది. ఆమె ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి, వియత్నాంలోని డా నాంగ్ గురించి చెప్పమంది.

ఆగస్టు చివరికి నా పరిస్థితి నాకు అర్థమైంది. ఆమె ఊరు ఎంచుకున్న రోజు ఫారం మీద సంతకం పెడుతుంది. సంతకం పెట్టాక శనివారాలు ఉండవు. ఫిబ్రవరిలో ఆమె ఒక బొటనవేలుతో కలిసి సముద్రం చూస్తుంది. నేను చేయగలిగింది ఒక్కటే, ఏ ఊరూ కుదరకుండా చూడడం.

అలా నేను మెదక్‌లో మొట్టమొదటి నిజాయితీపరుడైన ట్రావెల్ ఏజెంట్‌ను అయ్యాను. ఫిబ్రవరిలో బాలిలో వానలని చెప్పాను, అది నిజం. లంకావి నీళ్లలో జెల్లీ చేపలుంటాయని, కుడితే దద్దుర్లు వస్తాయని చెప్పాను, అదీ నిజమే. ఫుకెట్‌లో ఇసుక కంటే మనుషులే ఎక్కువన్నాను. పక్కన కూర్చుని విన్నవాళ్లు బయటకు వెళ్లి చెప్పారు. ఎక్కడికి వెళ్లకూడదో చెప్పే మనిషి ఉన్నాడని కుల్చారం నుంచి, పాపన్నపేట నుంచి జనం రావడం మొదలైంది. మా షాపులో ఎప్పుడూ లేనంత రద్దీ. వాహెద్ భాయ్ నన్ను అనుమానంగా చూస్తూ కొత్త కుర్చీలు తెప్పించాడు.

సెప్టెంబర్‌లో ఒక శనివారం రజని క్రాబీ బ్రోచర్ దగ్గర ఆగింది. థాయిలాండ్‌లో చిన్న ఊరు. సముద్రంలోంచి నిటారుగా లేచిన కొండలు, మధ్యలో పడవలు. వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ ముందుకు తిప్పింది. పురుగు దొరకలేదు.

"ఇది మంచిగున్నది సార్. ఖరారు చేయుండ్రి."

పేరే ఖరాబీ కదా మేడం, అలాంటి ఊరికి ఎవరు వెళ్తారు అన్నాను. ఆమె నవ్వింది కాని బ్రోచర్ వదల్లేదు. రాత్రి చదివినదంతా గుర్తు తెచ్చుకున్నాను. క్రాబీలో తప్పేమీ లేదు. ఫిబ్రవరి అక్కడ ఏడాదిలోకెల్లా మంచి నెల.

"ఫిబ్రవరిల అక్కడ వానలు మేడం," అన్నాను. "ఆగకుండ పడ్తయ్."

ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు మామూలు కంటే రెండు క్షణాలు ఎక్కువ నిలిచింది.

"ఫిబ్రవరిలనా?"

"ఫిబ్రవరిలనే."

ఆమె బ్రోచర్‌ను మడిచి నా వైపు జరిపింది. "అయితే వద్దు," అని లేచింది.

నా నిజాల మధ్య అది ఒకే ఒక్క అబద్ధం. నిజాలన్నీ ఆ అబద్ధం కోసమే చెప్పానని ఆ రోజే తెలిసింది. అంతవరకూ నేను ఆమెకు మేలు చేస్తున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. దీనికి సైకాలజీలో ఒక పేరుంది. పరీక్షలో దాని మీద పది మార్కుల ప్రశ్న కూడా రాశాను.

తర్వాతి వారం ఆమె వాళ్ల నాయనమ్మ శివమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ముసలామె కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని, మా మాటలు కాసేపు విని, బాలి అన్న మాట దగ్గర ఆపింది.

"ఏం బలి? కోడా, యాటా?"

"బలి కాదవ్వా, బాలి. ఊరు," అంది రజని.

"ఊరికెందుకే బలి? ఏడుపాయలల అమ్మవారుండంగ గంత దూరం పోయి ఇచ్చుడేంది?"

అది ఊరి పేరని, అక్కడ సముద్రం ఉంటుందని నేను నిదానంగా వివరించాను. నీళ్లు ఎంత నీలంగా ఉంటాయో, ఇసుక కాళ్ల కింద ఎలా జారుతుందో రెండేళ్లుగా చెబుతున్న మాటలతోనే చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. విన్నాక అడిగింది.

"నువ్వు చూసినవా బిడ్డా, సముద్రం?"

ఈ ప్రశ్న రెండేళ్లలో ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో కూడా తయారుగా పెట్టుకున్నాను. కాని ఆమె ముఖం చూశాక అది నోట్లోంచి రాలేదు.

"లేదవ్వా."

రజని బ్రోచర్‌లోంచి తలెత్తింది. శివమ్మ చాలాసేపు నవ్వింది. నవ్వి, చూడనోడు చూడనోళ్లకు దారి చెబుతున్నాడని, అయినా పిల్లగాడు మంచోడే ఉన్నాడని మనవరాలితో అని, కాళ్లు కిందికి దించింది.

ఆ తర్వాత మూడు శనివారాలు రజని రాలేదు. బతుకమ్మ పండుగ వచ్చింది, దసరా అయిపోయింది. సముద్రం చూడని మనిషి మాట మీద ఎవరు సముద్రానికి వెళ్తారు, ఇంకో ఏజెంట్ దగ్గర క్రాబీ ఖరారు చేసుకుని ఉంటుంది అనుకున్నాను. ఆ మూడు వారాలు వచ్చినవాళ్లందరికీ క్రాబీ వద్దనే చెప్పాను. గాబ్రియేలు సారుకు కూడా వద్దన్నాను. తన శిష్యులు అక్కడ కూడా ఉన్నారా అని ఆయన దిగులుగా అడిగారు.

నాలుగో శనివారం ఆమె వచ్చింది. ఏమీ జరగనట్టు కూర్చుని, గ్లాసు మంచినీళ్లు తాగి, "మనకు ఏ ఊరైతే మంచిగుంటది సార్?" అంది.

నేను ఆ మాటను నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఈ మూడు వారాల్లో నేనొక నిర్ణయానికి వచ్చాను. ఇక అడ్డుపడకూడదు. ప్రేమించినవాడు చేయాల్సింది ఆమెకు మంచి ఊరు చూపించడమే అని నాకు నేనే ఉపన్యాసం ఇచ్చుకున్నాను. త్యాగం చేసేటప్పుడు మనిషికి కలిగే సంతోషం చాలా అనుమానించాల్సిన సంతోషం. అయినా అది నాకు బాగానే ఉంది. లంకావిలో ఒక రిసార్టు చూపించి, జెల్లీ చేపలు పెద్ద సమస్య కాదన్నాను.

"మీకు ఇష్టమేనా?" అని అడిగింది.

"కస్టమర్ ఇష్టమే నా ఇష్టం మేడం."

ఆమె నన్ను వింతగా చూసి, వేరేవి చూపించమంది. మరుసటి వారం వచ్చి, మనం విమానం ఎక్కేది హైదరాబాద్‌లోనే కదా అని అడిగింది. ఆ పై వారం, మనకు సముద్రం కొత్త కదా, ఈత రాకపోతే ఎట్లా అంది. నేను రెండూ రాసుకుని ఈత రానివాళ్ల కోసం ఉండే జాకెట్ల గురించి చెప్పాను. ఆమె ఆ రోజు స్కూటీని మామూలు కంటే గట్టిగా స్టార్ట్ చేసింది.

ఆమె వెళ్లాక వాహెద్ భాయ్ లెక్కలు పక్కన పెట్టి నా ముందుకు వచ్చి కూర్చున్నాడు.

"నీకు చెవులున్నయా?"

ఉన్నాయన్నాను.

"గా బిడ్డ జులైల ఏమన్నది? మేము సముద్రం దిక్కు పోతం అన్నది. దసర అయినంక ఏమంటున్నది?"

నోట్‌బుక్కు తీశాను. అన్నీ ఉన్నాయి, ఆమె నోటి నుంచి వచ్చినవి వచ్చినట్టు, నా చేతిరాతలో. జులైలో మేము. ఆగస్టులో మేము. దసరా తర్వాత మనకు, మనం, మనకు. ప్రతిదాని పక్కనా నా వ్యాఖ్య ఉంది.

ఆ పేజీలను రెండుసార్లు చదివాను. కాని చదువుకున్నవాణ్ణి, ఆశను అంత తేలికగా ఒప్పుకోలేను. మెదక్‌లో అందరూ అన్నింటికీ మన అంటారని వాదించాను. మన బస్టాండు, మన చర్చి, మన ఎండ. మన కలెక్టర్ అంటారు, కలెక్టర్ మనకు చుట్టమా?

"అంటరు," అన్నాడు వాహెద్ భాయ్. "మన కలెక్టర్ అంటరు. కానీ కలెక్టర్‌తోని కలిసి బీచ్‌కు పోరు."

ఆ వారం రోజులు నేను ఎలా గడిపానో చెప్పనవసరం లేదు. ఒక మాటను నమ్మి అడిగితే, ఆమె అలవాటుగా అన్న మాటే అయితే, ఇక ఆమె ఈ గడప తొక్కదు. అడగకపోతే ఫిబ్రవరి వస్తుంది. పోస్టాఫీసు అమ్మాయి అన్నయ్య సైకిల్ దిగి రావడం రెండుసార్లు కలలో కనిపించింది.

శనివారం వచ్చింది. నవంబర్ అయినా ఆ రోజు మబ్బు పట్టి సన్నగా తుంపర పడుతోంది. ఆమె కూర్చోగానే ఫారం తీశాను. మొదటి గడిలో ఆమె పేరు రాశాను. రెండో గడి దగ్గర కలం ఆగింది.

"రాజేందర్ గారి పాస్‌పోర్ట్ కాపీ కావాలె మేడం."

"రాజేందర్‌ది ఎందుకు?"

"ఇద్దరం అన్నరు కదా."

"అన్న. ఇప్పుడు గూడ ఇద్దరమే."

ఇద్దరం అన్న మాట మోసకారిది. మేము, మనం అన్న మాటల్లో ఉన్న తలుపు దానికి లేదు. ఎదుటి మనిషి లోపల ఉన్నాడో బయట ఉన్నాడో అది చెప్పదు. నేను ఆమె ముఖం చూశాను, అది చెబుతుందేమోనని. ఆమె చెట్టు మీద పసుపును చూసినట్టు నన్ను చూస్తోంది, ఈ మనిషికి ఏం తక్కువైందా అని.

"దసరకు ముందు రాజేందర్‌కు మెసేజ్ పెట్టిన," అంది. "ఈ పెండ్లి వద్దనుకుంటున్న, ఏమనుకోవద్దు అని."

"ఏమన్నడు?"

ఆమె కుడిచేతి బొటనవేలు పైకెత్తి చూపించింది.

వెనకాల వాహెద్ భాయ్‌కి దగ్గు వచ్చింది.

"నాలుగు గంటలైనంక సారీ అన్నడు, చూడకుండ పెట్టిండట. అప్పటికి మా నాయిన పోయి వాళ్ల నాయినతోని మాట్లాడి వచ్చిండు. వాళ్లు గూడ పెద్దగ బాధపడలె."

ఎందుకు వద్దనుకున్నారని అడిగాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆమెకు వినపడింది.

"మీ వల్లనే. క్రాబీల ఫిబ్రవరిల వాన కురిపించిండ్రు కదా."

నేను తలదించుకున్నాను.

"నేను పొద్దున లేవంగనే చూసేదే వాన సార్. ఊరూర్లకు వాన వస్తదా రాదా చెప్పేదాన్ని. నాకే వాన గురించి అబద్ధం చెప్తరా? గా దినమే ఫోన్ల చూసిన. ఫిబ్రవరిల అక్కడ చుక్క పడదు. ఎందుకు చెప్పిండు, ఈయనకేం లాభం అని వారం రోజులు ఆలోచించిన." చేతి మీది తుంపర తుడుచుకుంది. "ఒక మనిషి అన్నిటికి సరే అంటడు. నేను ఏడికి పోయినా ఆయనకు సరే. ఇంకో మనిషి నన్ను పోనియ్యనీకి లేని వాన తెచ్చిండు. అబద్ధం తప్పే. కానీ జర కష్టపడ్డరు."

నేను కలానికి మూత పెట్టి, మళ్లీ తీశాను.

"అప్పటి సంది మనం, మనం అంటనే ఉన్న. మీకు వినపడదాయె."

"వినపడ్డది. రాసుకున్న."

"ఏం రాసుకున్నరు?"

నోట్‌బుక్కు దాచుదామనుకున్నాను, కాని ఆమె అప్పటికే లాగేసుకుంది. పేజీలు తిప్పింది. అలవాటు ప్రకారం ప్రతి పేజీ వెనక కూడా చూసింది. ఆమెకు కావాల్సిన చోటు దొరికింది. "మనకు సముద్రం కొత్త కదా," అని తన మాటను తనే చదివి, పక్కన నేను రాసింది కూడా పైకి చదివింది. "ప్రయాణ భయం. గుంపులో కలిసిపోవాలనే కోరిక." ఆ తర్వాత బల్ల మీద తల వాల్చి నవ్వింది. ఆ నవ్వు ఆగడానికి బయట తుంపర ఆగేంత సేపు పట్టింది.

"మంచిది," అంది కళ్లు తుడుచుకుంటూ. "రెండో పేరు రాయుండ్రి. పాస్‌పోర్ట్ మీద ఎట్లుంటే గట్లనే రాయాలె కదా. మీది ఇయ్యుండ్రి."

నా దగ్గర ఇక దాచడానికి ఒకే ఒక్క సంగతి మిగిలి ఉంది.

"నాకు పాస్‌పోర్ట్ లేదు."

ఆమె వాహెద్ భాయ్ వైపు చూసింది. అతను చేతులు రెండూ ఎత్తి, రెండేళ్ల నుంచి తీసుకో తీసుకో అని చెబుతున్నానని, ఈ మనిషి జనాన్ని సాగనంపడమే తప్ప తాను కదలడని ఫిర్యాదు చేశాడు.

"నాలుగు నెలల సంది పది దేశాలు తిప్పిండ్రు," అంది రజని. "ఇల్లు దాటకుండనే?"

అవునన్నాను.

"అప్లై చేయుండ్రి. వచ్చేదాక ఏడుపాయల పోదాం. మంజీర ఒడ్డుకు ఇసుకున్నది. ముందుగాల గా ఇసుక అలవాటు చేసుకుందాం."

పోదాం అన్న మాటను ఈసారి రాసుకోలేదు.

ఇళ్లల్లో మాట్లాడడం అన్నది మేము అనుకున్నంత కష్టం కాలేదు. ఒక పెళ్లి అప్పుడే తప్పిపోయిన ఇల్లు గనక వాళ్లు ఇంకొన్ని నెలలు ఆగుదామన్నారు. శివమ్మ మాత్రం ఆగనవసరం లేదంది. ఇద్దరూ సముద్రం చూడనివాళ్లే అయితే ఇద్దరూ కలిసి భయపడతారు, చూసినవాడు ఒకడుంటే జీవితమంతా రెండోవాళ్లకు చెబుతూనే ఉంటాడు అని తేల్చేసింది. ఎం.ఏ.లో నాకు ఇంత మంచి వాక్యం ఎవరూ చెప్పలేదు.

జనవరిలో పాస్‌పోర్ట్ విచారణ కోసం కానిస్టేబుల్ ఎల్లేష్ మా షాపుకు వచ్చాడు. చేతిలో ట్యాబ్. రజని పక్క కుర్చీలో కూర్చుని మళ్లీ అదే క్రాబీ బ్రోచర్ చూస్తోంది. ఎల్లేష్ నా పేరు, చిరునామా, చదువు అడిగాడు. సైకాలజీ అని చెబితే ఒకసారి నన్ను పైనుంచి కిందికి చూశాడు. చివరగా ఏ దేశం వెళ్తున్నారని అడిగాడు.

నేను ఆ నెలంతా ఒకే మాటకు అలవాటుపడి ఉన్నాను. పొద్దున లేస్తే అదే, ఫోన్‌లో అదే, ఏడుపాయల ఇసుకలో కూర్చున్నా అదే. అది నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

"మనం ఇంక అనుకోలేదు సార్."

ఎల్లేష్ ట్యాబ్ మీద వేలు ఆపాడు.

"మనమా? నేనెందుకొస్తనయ్య? నాకు లీవ్ లేదు."

వాహెద్ భాయ్ కుర్చీలోంచి లేచి బయటకు వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్ల తర్వాత తన తప్పు ఒక తెలుగువాడి నోట వినడం అతను తట్టుకోలేకపోయాడు. వాకిట్లోంచి అతని నవ్వు చాలాసేపు వినిపించింది.

రజని బ్రోచర్ మూసి, కానిస్టేబుల్ వైపు తిరిగింది.

"మీరు కాదు సార్," అంది. "మేము. మేమిద్దరం."

జులైలో ఆ మాట నన్ను తలుపు బయట, వానలో నిలబెట్టింది. ఎల్లేష్ ట్యాబ్‌లో ఏదో టైపు చేసుకుంటూ, రజని చేతిలోని క్రాబీ బ్రోచర్ చూసి, వచ్చే నెల ఫిబ్రవరిలో వెళ్తే అక్కడ వానలు ఉండవా అని అడిగాడు.

ఉండవన్నాను.